దుప్పట్లక్క వదిలేసిన సబ్జెక్టులు

మా పెద్దవదినకు అసూయ ఎక్కువ అని నేనంటే, ఆడపడుచు కదా, అలాగే అంటుందిలే అనుకుంటారు. అనుకోండి. ఆడపడుచునే, నోరున్నదాన్నే. కానీ ఈ మాట నాకన్నా గట్టిగా ఆవిడే అంది. అదీ ఇంట్లో కాదు, కాలేజీలో, ముగ్గురు పెద్దమనుషుల ఎదుట, కుర్చీలోంచి లేచి నిలబడి మరీ అంది. దానివల్ల ఆవిడకు ఏం పోయిందో, ఏం మిగిలిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పెద్దవదిన పనిచేసేది ఒక పెద్ద ఆస్పత్రిలో, అన్నిటికన్నా కింది అంతస్తులో ఉన్న దుప్పట్ల గదిలో. కిటికీలు లేని గది. గోడల పొడవునా ఇనుప రాక్‌లు, వాటి మీద మడతలు పెట్టిన దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు, డాక్టర్ల తెల్లకోట్లు. పక్కనే లాండ్రీ కాబట్టి ఎప్పుడూ ఇస్త్రీ ఆవిరి, బ్లీచింగ్ వాసన. గుమ్మానికి సగం తలుపే ఉంటుంది. ఆ సగం తలుపు వెనక నిలబడి, వార్డుల నుంచి తోపుడుబళ్ళతో వచ్చే ఆయాలకు లెక్క చూసి ఇస్తుంది, లెక్క చూసి తీసుకుంటుంది. ఆస్పత్రిలో అందరికీ ఆవిడ దుప్పట్లక్క. దుప్పట్లు తక్కువొస్తే ఆవిడ దగ్గర ఏ సాకూ చెల్లదు. "అక్కా, తెచ్చినవి చూడు, ఒక్క మరకైనా ఉందేమో చూడు" అని ఎవరైనా బుజ్జగించబోతే ఒకటే మాట.

"మరకలున్నాయా అని నేనడగలేదమ్మా. తీసుకెళ్ళినవెన్ని? తిరిగొచ్చినవెన్ని?"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆవిడ మాత్రం పెట్టుకోలేదు.

ఇక ఆవిడ అసూయ సంగతి. ఊరందరి మీదా ఏడ్చేంత ఓపిక ఆవిడకు లేదు. ఉన్న ఏడుపంతా ఒకే మనిషి కోసం దాచిపెట్టింది. ఆ మనిషి మా చిన్నవదిన. ఒకటే ఇల్లు, పెద్దన్న కాపురం కింద, చిన్నన్న కాపురం మేడ మీద. అమ్మ కింద ఉంటుంది కానీ రాత్రి భోజనం పైన చేస్తుంది. చిన్నవదిన ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు అందరూ ఆమె జుట్టు చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. పిడికిట్లో పట్టని జడ, నడుము దాటి వేలాడుతోంది. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని అమ్మ ఊరుకోక ఒక మాట అంది. పక్కనే ఉన్న పెద్దవదిన తన ఎలుకతోక జడను భుజం మీంచి వెనక్కి విసిరేసుకుంది. అక్కడ రాజుకుంది, ఇప్పటికీ ఆరలేదు.

మేడ మీద నీలం కర్టెన్లు వేలాడితే వారం తిరక్కుండా కిందా కర్టెన్లు మారతాయి. చిన్నవదిన మెడలో కొత్త గొలుసు కనిపిస్తే ఆ పూట పెద్దన్న కంచంలో ఉప్పు ఎక్కువవుతుంది. "పైనున్న కుక్కర్ మన కుక్కర్ కంటే గట్టిగా కూస్తోందేం?" అని ఒకసారి నిజంగానే అడిగింది. పోనీ చిన్నవదిన ఎదురు తిరుగుతుందా అంటే అదీ లేదు. ఆమె మెత్తటి మనిషి, కాస్త పిరికిది కూడా. ప్రతిదానికీ "అక్కా, ఇది ఎలా చెయ్యను?" అంటూ మెట్లు దిగి వస్తుంది. ఆ మెత్తదనమే పెద్దవదినకు ఇంకా మంట. "చూశావా అమ్మాయ్, దానికి కోపం కూడా రాదు. అదొక గొప్ప" అనేది నాతో.

అమ్మ ఇదంతా చూసి నవ్వేది. "నాకు కోడళ్ళిద్దరూ రెండు కళ్ళు. ఒక కన్ను రెండో కన్నును చూసి ఏడుస్తుంటే తుడుచుకోవడం నావల్ల కావట్లేదు" అనేది.

కాలేజీ గొడవ చిన్నవదినతోనే మొదలైంది. ఆమె మందుల దుకాణంలో బిల్లులు కొడుతుంది. పనిచేసేవాళ్ళ కోసం సాయంత్రం పూట ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పెట్టారని, ఫీజంతా స్కాలర్‌షిప్ కింద కాలేజీయే చూసుకుంటుందని అక్కడెవరో చెప్పారు. నాకు ఆ కాలేజీ గేటు ఎదురుగానే జిరాక్సు షాపు ఉంది. చిన్నవదిన దరఖాస్తు తెచ్చి కాపీ తీయమంది. ఆ సాయంత్రమే పెద్దవదిన ఆయాసపడుతూ వచ్చింది.

"అమ్మాయ్, దానికి తీసినట్టే నాకూ ఒకటి తియ్యి."

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందట" అన్నాను, ఊరుకోలేక.

"ఎవరు నక్క?" అంది. "ఇరవై ఏళ్ళుగా ఆ తెల్లకోట్లు మడత పెడుతున్నాను. ఒక్కటి వేసుకోవాలని నాకుండదా?"

అది నిజం. ఆ మాట అన్నప్పుడు గొంతులో ఏడుపు లేదు, ఆశ ఉంది. దానికితోడు దుప్పట్ల పనిని బయటి కాంట్రాక్టరుకు అప్పగిస్తారని ఆస్పత్రిలో అప్పటికే గుసగుసలు. నలభై దాటిన మనిషి, ఆ గది మూతపడితే ఎక్కడికి పోతుంది? పైన ల్యాబ్‌లో కుర్చీ దొరకాలంటే ఆ కోర్సు ఒక్కటే దారి. స్కాలర్‌షిప్ లేకపోతే ఆ దారీ లేదు. కాబట్టి ఏడుపుతో చేరిందని నేనెంత వెక్కిరించినా, ఆవిడకు ఆ చదువు నిజంగా కావాలి.

చేరిన రోజు స్కాలర్‌షిప్ సెక్షన్ మేడమ్ కొత్తవాళ్ళందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. సగటు మార్కులు ఇంతకు తగ్గకూడదు, తీసుకున్న సబ్జెక్టుల్లో మూడింట రెండు వంతులు పూర్తి చేయాలి, ఇన్నేళ్ళలోపు కోర్సు ముగించాలి. మొదటి నియమం దాకా పెద్దవదిన బుద్ధిగానే విందట. రెండోది చెప్పే సమయానికి చిన్నవదిన కొత్త బ్యాగు జిప్పు తీసింది. లోపల ఎన్ని అరలున్నాయో చూడడంలో మన దుప్పట్లక్క మునిగిపోయింది. ఇది నేను కల్పించింది కాదు, తర్వాత ఆవిడే చెప్పింది.

క్లాసులో ఇద్దరూ ఒకే బెంచీ. పెద్దవదిన తెలివిగలది, అందులో నాకు అనుమానం లేదు. ఒకసారి చదివితే పట్టేస్తుంది. చిన్నవదినది నత్తనడక, కానీ ఆగని నడక. టర్మ్ మధ్యలో మామూలు పరీక్షలు పెట్టి మార్కుల పట్టీ మెట్ల దగ్గర బోర్డుకు అంటిస్తారు. పెద్దవదిన తన మార్కులు చూసుకునేది కాదు. వేలు పెట్టి ముందు చిన్నవదిన వరస వెతికేది, ఆ తర్వాతే తన వరస. తొలి టర్మ్‌లో లెక్కల దగ్గర ఆ వేలు ఆగిపోయింది. చిన్నవదినకు రెండు మార్కులు ఎక్కువ.

ఇద్దరివీ మంచి మార్కులేమీ కావు. కానీ ఎక్కువ ఎక్కువే. పెద్దవదిన ఆ రోజు నా షాపులో కూర్చుని మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పెద్ద పరీక్ష ముందు ఏ సబ్జెక్టునైనా వదులుకుంటామని రాసిస్తే పట్టీలో మార్కుల చోట చిన్న గీత వస్తుందని, సగటులో అది కలవదని ఎవరో కుర్రపిల్ల చెప్పింది. అంతే. "గీత ఉంటే ఓడిపోయినట్టు కాదు కదా" అంది నాతో. లెక్కలు వదిలేసింది. మిగతావాటిలో మంచి మార్కులు తెచ్చుకుని, సగటులో చిన్నవదినను మేడ ఎక్కకుండానే దాటేసింది. ఇంట్లో అమ్మ దగ్గర, లాండ్రీలో ఇస్త్రీ ఆడవాళ్ళ దగ్గర, ఎదురింటివాళ్ళ దగ్గర ఆ సగటు చెప్పుకుంది. గీత సంగతి మాత్రం చెప్పలేదు.

రెండో టర్మ్ మొదట్లో చిన్నవదిన తడి మెట్ల మీద జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. భుజం దాకా కట్టు. చిన్నన్నకు వంట రాదు, అమ్మకు పైన వంట చేసే ఓపిక లేదు. రోజూ పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు పెద్దవదిన పైకి వెళ్ళి వంట చేసిపెట్టేది, జాకెట్టు హుక్కులు పెట్టేది, జడ వేసేది. ఆ జుట్టు దువ్వడం అంటే మాటలా! ఆవిడ దువ్వెన పట్టుకుని గొణుక్కుంటూ ఉండేది, చిన్నవదిన తల వంచుకుని కూర్చునేది. "ఇంత జుట్టు దేవుడు ఒక్కదానికే ఎందుకిచ్చాడో" అని ఒకరోజు నేను వినేలాగానే అంది. కానీ ఒక్క రోజూ మానలేదు.

ఆ కట్టుతోనే చిన్నవదిన కాలేజీకి వచ్చేది. ఎడమ చేత్తో కోడి కెలికినట్టు రాసి, బయోకెమిస్ట్రీ మామూలు పరీక్షలో పెద్దవదిన కంటే ఎక్కువ తెచ్చుకుంది. పెద్దవదిన వేలు బోర్డు మీద ఎంతసేపు ఉండిపోయిందో! కళ్ళల్లో నిప్పులు పోసుకున్న మనిషిలా నా షాపులోకి వచ్చింది.

"ఎడమ చేత్తో, అమ్మాయ్! ఎడమ చేత్తో!"

ఆ టర్మ్‌లో రెండు గీతలు పడ్డాయి. మిగిలిన రెండింటిలో ఒకదానికి క్లాసు ఫస్టు.

ఫలితాలొచ్చిన కొద్ది రోజులకు కాలేజీ నుంచి ఇంటికి ఒక కాగితం వచ్చింది. "మీ విద్యా ప్రగతి సంతృప్తికరంగా లేదు. వచ్చే టర్మ్‌లో మెరుగుపడకపోతే ఆర్థిక సహాయం నిలిపివేయబడును" అని ఉంది. తోడికోడళ్ళు కాబట్టి ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, పేర్లలో మొదటి అక్షరమూ ఒకటే. కవరు మీద ఇంటిపేరు, ఆ అక్షరం మాత్రమే ఉన్నాయి. లోపల రోల్ నంబరు ఉంది కానీ దాన్ని చూడాలన్న ఆలోచన పెద్దవదినకు రాలేదు. క్లాసు ఫస్టుకు ఇలాంటి కాగితం ఎందుకొస్తుంది? నత్తనడకవాళ్ళకు వస్తుంది. కాగితం తీసుకుని మేడెక్కింది. నేను ఆ సాయంత్రం అక్కడే ఉన్నాను. మొహం చావుకబురు మోస్తున్నట్టే ఉంది, కాళ్ళు మాత్రం మెట్ల మీద ఆడుతున్నాయి.

"బాధపడకమ్మా" అంది చిన్నవదిన తల నిమురుతూ. "చదువు అందరికీ అబ్బదు. చెయ్యి కూడా విరిగింది కదా. పోతే పోయింది స్కాలర్‌షిప్."

చిన్నవదిన బిక్కచచ్చిపోయింది. తనకు వచ్చిన నలభైలు తనకు తెలుసు కాబట్టి ఆమె కూడా రోల్ నంబరు చూడలేదు. కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టింది. ఆ రోజు నుంచి బిల్లులు కొట్టే కౌంటరు కింద కూడా పుస్తకం తెరిచే ఉంచింది. కట్టు విప్పినా చెయ్యి ఇంకా సలుపుతూనే ఉంది. మూడో టర్మ్‌లో అన్నీ పాసైంది, అన్నీ నలభైలూ యాభైలే. పెద్దవదిన ఇంకో రెండు వదిలేసి, మిగిలినవాటిలో మెరిసింది.

అప్పుడు వచ్చింది అసలు కాగితం. ఈసారి పేరు పూర్తిగా ఉంది. దుప్పట్లక్కకు స్కాలర్‌షిప్ ఆగిపోయింది. మేడ మీదావిడకు ఆగలేదు.

మరుసటి రోజు నేను షాపు మూసి ఆవిడ వెంట సెక్షన్‌కు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళకపోతే అక్కడ బల్లలు విరిగేవి. సెక్షన్ మేడమ్ స్వెట్టర్ వేసుకుని, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని కంప్యూటర్ చూస్తోంది.

"నాకు డెబ్బై ఎనిమిది శాతం" అంది పెద్దవదిన కూర్చోకుండానే. "మా తోడికోడలికి యాభై కూడా లేదు. దానిది ఉంచి నాది తీసేస్తారా? మీ కంప్యూటర్‌కు పిచ్చి పట్టిందా?"

"కంప్యూటర్ బాగానే ఉందమ్మా. మీరు పన్నెండు సబ్జెక్టులు తీసుకున్నారు. పూర్తి చేసినవి ఏడు."

"మిగతావి వదిలేశాను కదండీ! ఒక్కటన్నా ఫెయిలయ్యానా?"

"వదిలేసినా, ఫెయిలైనా మాకు ఒకటే. తీసుకున్న ప్రతిదానికీ స్కాలర్‌షిప్ ఖర్చు అవుతుంది. మీ మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయి, కాదనను. కానీ ఈ లెక్క మార్కులది కాదు. తీసుకున్నవెన్ని, పూర్తి చేసినవెన్ని, అదీ లెక్క."

నేను పెద్దవదిన వైపు చూశాను. "ఈ మాట ఎక్కడో విన్నట్టుంది వదినా" అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపుకు జిరాక్సు మిషను కాలిపోవాలి.

"రెండో టర్మ్ తర్వాత హెచ్చరిక కూడా పంపాం కదా, అందలేదా?" అని మేడమ్ అడిగింది. ఆ హెచ్చరికను పెద్దవదిన తన చేతులతో మేడెక్కించి, పరామర్శించి మరీ ఇచ్చి వచ్చిందాయె. పైగా ఆవిడకు రావలసిన భయమంతా చిన్నవదిన పడి, చదివి, గట్టెక్కింది. గేటు దాటాక పెద్దవదిన గోడ పట్టుకుని నిలబడిపోయింది. "నాకొచ్చిన తిట్లు కూడా దానికే కలిసొచ్చాయి" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి.

ఒక దారి ఉంది. మన చేతిలో లేని కారణం ఏదైనా, అంటే జబ్బో, ఇంట్లో ఆపదో వచ్చి చదువు కుంటుపడితే, కమిటీకి విన్నపం పెట్టుకోవచ్చు. వాళ్ళు ఒప్పుకుంటే స్కాలర్‌షిప్ కొనసాగుతుంది. పెద్దవదిన ఆలోచించి అత్తగారు మంచాన పడిందని రాద్దామంది. అమ్మ అంతెత్తున లేచింది.

"ఏమే పెద్దదానా, నిక్షేపంలా తిరుగుతున్నదాన్ని పడుకోబెడతావా? కాగితం మీద రాసిన రోగం ఒంటి మీదకు రాదని ఏమిటి నమ్మకం? నాకొద్దు నీ రోగం, ఇంకెవరికైనా పెట్టుకో."

చివరికి "కుటుంబ బాధ్యతల వల్ల" అని నేనే టైపు చేసి ఇచ్చాను. అది ఏ కొలతకైనా సరిపోయే చొక్కా.

విచారణ రోజు పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమ ప్రిన్సిపాల్ మేడమ్, ఒక పక్క బయోకెమిస్ట్రీ సార్, ఇంకో పక్క మన స్వెట్టర్ మేడమ్. తోడు వచ్చానని నన్ను గోడ పక్కన కూర్చోబెట్టారు. కుటుంబ బాధ్యతలంటే ఏమిటో చెప్పమని ప్రిన్సిపాల్ అడిగింది. పెద్దవదిన కొంగు అంచుకు మడతలు పెడుతోంది. ఆవిడ అబద్ధాలు మడతలు పెట్టగలదు కానీ, వాటిని అమ్మడం ఆవిడకు చేతకాదు.

అప్పుడు తలుపు తోసుకుని చిన్నవదిన వచ్చింది. ఎవరూ పిలవలేదు. దుకాణం నుంచి పరుగున వచ్చినట్టుంది, మెడలో ఇంకా ఐడీ కార్డు వేలాడుతోంది.

"మేడమ్, అక్క చెప్పుకోదు, నేను చెప్తాను" అంది. "రెండో టర్మ్‌లో నా చెయ్యి విరిగింది. నాకు వంట, బట్టలు, అన్నీ అక్కే చేసింది. రోజూ తల కూడా దువ్వింది. నా వల్లే అక్క సబ్జెక్టులు వదిలేసుకుంది. స్కాలర్‌షిప్ ఒక్కరికే ఇవ్వాలంటే నాది తీసెయ్యండి, అక్కకు ఇవ్వండి. అక్క నాకంటే తెలివైనది."

గది మెత్తబడిపోయింది. బయోకెమిస్ట్రీ సార్ కట్టు కట్టిన చెయ్యిని తాను చూశానన్నాడు. స్వెట్టర్ మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంది. ఇదే వాళ్ళు అడిగిన కారణం, ఇదే సాక్ష్యం, ఇక సంతకమే తరువాయి. ప్రిన్సిపాల్ పెన్ను తీసి, పెద్దవదినను చూసి నవ్వింది.

"ఇంత మంచి మనసున్న తోడికోడలు దొరకడం మీ అదృష్టం అమ్మా" అంది.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ కథ ఇక్కడ సుఖంగా అయిపోయేది. నేను పెద్దవదిన వెనక నుంచి చూస్తున్నాను. ముందు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత కుర్చీ కిర్రుమంది.

"చాలండీ!" అంది లేచి నిలబడి. "దీని మంచితనం మా ఇంట్లో ఏళ్ళ తరబడి వింటున్నాను. ఇక్కడ కూడానా? ఇది చెప్పింది నిజం కాదు. కాదని దానికి తెలీదు, అంతే. దాని చెయ్యి విరిగితే నేను జడ వేశాను, అన్నం పెట్టాను. దాని కోసం ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదు, ఒక్క పాఠం వదల్లేదు. ఎడమ చేత్తో రాసి నాకంటే ఎక్కువ తెచ్చుకుంది. అది చూడలేక వదిలేశాను. అంతకుముందు లెక్కలూ అంతే. ఆ తర్వాత రెండూ అంతే. నాకు దాన్ని చూస్తే ఓర్వలేనితనం. కర్టెన్ల దగ్గర నుంచీ ఉంది. దాని దయతో నాకు స్కాలర్‌షిప్ వస్తే, ఆ అన్నం నాకు అరగదు."

ఎదుటివాళ్ళకు రెండు కళ్ళూ పోతాయంటే తనకు ఒక కన్ను పోయినా సరేననే మనుషులను చూశాను. ఎదుటివాళ్ళకు మంచిపేరు రాకుండా చేయడానికి తన రెండు కళ్ళూ తీసి బల్ల మీద పెట్టిన మనిషిని ఆ రోజే చూశాను. కోపంతో నా పళ్ళు పటపటలాడాయి. ఆ కోపంలోనే ఇంకో సంగతి కూడా తోచింది. ఆ గదిలో కూర్చున్న మా అందరిలో నిజం చెప్పింది ఆవిడ ఒక్కతే. చెప్పించింది ఏడుపైతేనేం.

ప్రిన్సిపాల్ పెన్ను మూత పెట్టేసింది. స్వెట్టర్ మేడమ్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"జబ్బుకు కాలమ్ ఉందమ్మా. ఆపదకు ఉంది. ఓర్వలేనితనానికి మా దగ్గర కాలమ్ లేదు."

విన్నపం కొట్టేశారు. కాకపోతే ఒక మాట చెప్పారు. ఒక టర్మ్ సొంత ఖర్చుతో చదివి, తీసుకున్నవన్నీ ఒక్కటీ వదలకుండా పాసైతే, లెక్క మళ్ళీ సరిపోతుంది, స్కాలర్‌షిప్ తిరిగి వస్తుంది. ఒక్కటి తప్పినా ఇక రాదు.

బయట వరండాలో చిన్నవదిన స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె మొహంలో అలాంటి రంగు నేను చూడలేదు. కోపం రాదని పెద్దవదిన అనుకునేది కదా, వచ్చింది.

"అయితే నాకు రోజూ జడ వేసింది కూడా ఏడుస్తూనేనా అక్కా?"

"ఏడుస్తూనే" అంది పెద్దవదిన. "ఆ జుట్టు చేత్తో పట్టుకుని ఏడవనిదెవరు? కానీ ఒక్క చిక్కు మిగిల్చానా? ఒక్క రోజన్నా నొప్పి అనిపించానా? చెప్పు."

చిన్నవదిన "లేదు" అంది, అటు తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మెట్లు దిగి "అక్కా" అంటూ రాలేదు. పెద్దవదిన పైనుంచి కుక్కర్ కూతలు వింటూ కూర్చునేది.

ఫీజు కోసం లాండ్రీలో ఆదివారాలు కూడా పనిచేసింది. వదిలేసిన సబ్జెక్టుల్లోంచే నాలుగు తీసుకుంది, బయోకెమిస్ట్రీతో సహా. చిన్నవదిన పై క్లాసుకు వెళ్ళిపోయింది కాబట్టి ఇప్పుడు పక్కన కూర్చునేది ఆవిడ వయసులో సగం కూడా లేని పిల్లలు. "ఆంటీ, మీరు ఫెయిలయ్యారా?" అని అడిగితే "లేదమ్మా, ఓడిపోయాను" అనేదట. మామూలు పరీక్షలో బయోకెమిస్ట్రీ పోయింది. సబ్జెక్టు వదులుకునేవాళ్ళు రాసిచ్చే ఆఖరి రోజున నేను షాపు గుమ్మంలో నిలబడి సెక్షన్ వైపే చూస్తున్నాను. ఆవిడ సెక్షన్ మెట్ల దాకా వెళ్ళింది. ఆగింది. అక్కడి నుంచి లైబ్రరీ వైపు తిరిగింది.

ఫలితాల రోజు బోర్డు ముందు గుంపు. పెద్దవదిన వేలు అలవాటు కొద్దీ ముందు పైకి వెళ్ళి చిన్నవదిన వరస వెతికింది. ఆ పట్టీలో ఆ పేరు లేదు. వేలు కాసేపు గాలిలో ఉండిపోయి, నెమ్మదిగా కిందికి దిగింది. నాలుగూ పాస్. ఒక్క గీత లేదు. బయోకెమిస్ట్రీలో నలభై ఒకటి, పాస్ మార్కుకు ఒకటి ఎక్కువ. పట్టీలో అంతకన్నా తక్కువ ఒక్కరికే ఉంది. పక్కనున్న పిల్ల ఆ అంకె చూసి, ఆవిడ వైపు జాలిగా చూసింది.

"ఏం చూస్తున్నావు? తిరిగొచ్చింది కదా" అంది పెద్దవదిన.

స్కాలర్‌షిప్ కూడా తిరిగొచ్చింది. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పి, కాళ్ళు కడుక్కుని, మెట్ల దగ్గర నిలబడి పైకి చూసింది. నేను వెనకే ఉన్నాను. ఆవిడ కర్టెన్ల కోసం, గొలుసు కోసం, కాగితం ఇవ్వడం కోసం ఎన్నిసార్లు ఎక్కిందో ఆ మెట్లు. ఈసారి ఒక్కో మెట్టూ బరువుగా ఎక్కింది.

చిన్నవదిన తలస్నానం చేసి, కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"బయోకెమిస్ట్రీలో నీకెంత వచ్చింది అప్పట్లో?" అంది పెద్దవదిన, గుమ్మంలోంచే.

"నలభై ఆరు."

"నాకు నలభై ఒకటి."

తనకు తక్కువ వచ్చిన అంకెను ఆవిడ ఆ ఇంట్లో పైకి చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. చిన్నవదిన ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత అల్మరా మీంచి దువ్వెన తీసి, చేతికిచ్చి, ఆవిడ ముందు నేల మీద కూర్చుని వీపు తిప్పింది.

"నీకు చేతులు లేవా ఇప్పుడు?" అంది పెద్దవదిన. అంటూనే కుర్చీ లాక్కుని కూర్చుంది. చిక్కులు తీసింది, పాయలు విడదీసింది, అల్లడం మొదలుపెట్టింది. మూడో మెలికకు చిన్నవదిన తల వెనక్కి వంగింది.

"అబ్బా, అక్కా! లాగుతున్నావు!"

"ఐదు మార్కులమ్మా" అంది మా పెద్దవదిన, ఇంకాస్త బిగించి. "ఓర్చుకో."